ఒకే కప్పు కింద ఎన్ని పొయ్యిలు?

"పాత పుస్తకాల షాపు" అన్న మూడు మాటలు తీసుకోండి. పాత పుస్తకాలు అమ్మే షాపా, పుస్తకాలు అమ్మే పాత షాపా? విజయవాడ లెనిన్ సెంటర్లోనో, హైదరాబాద్ కోఠీలోనో నిలబడి అంటే ఎవరికీ అనుమానం రాదు. కాగితం మీద ఒంటరిగా రాస్తే మాత్రం రెండూ కుదురుతాయి. మొదటి రెండు మాటల్నీ ముందు జత చేస్తే ఒక అర్థం, చివరి రెండింటినీ ముందు జత చేస్తే ఇంకో అర్థం. మాటల వరుస మారలేదు. బ్రాకెట్ ఎక్కడ పెట్టామన్నదే మారింది.

స్కూల్లో దీన్ని సహచర ధర్మం అని చెప్పారు, పాత పుస్తకాల్లో సాహచర్య న్యాయం అని ఉండేది. (2 × 3) × 4 అన్నా, 2 × (3 × 4) అన్నా 24 వస్తుంది. ఒక మార్కు ప్రశ్న, అంతే. అది చెడిపోయిన లెక్క మనకు ఎవరూ చూపించలేదు కాబట్టి ఆ ధర్మం విలువా తెలియలేదు.

మా వృత్తిలో మాత్రం అది రోజూ చెడిపోతుంది. పైథాన్‌లో (0.1 + 0.2) + 0.3 అని అడిగితే 0.6000000000000001 అంటుంది. 0.1 + (0.2 + 0.3) అని అడిగితే బుద్ధిగా 0.6 అంటుంది. దశాంశాల్ని బైనరీలో కుదించి దాచుకోవడం వల్ల వచ్చే తేడా ఇది. దీన్ని లోపం అనే అంటాం, సర్దుకుపోతాం. ఈ వారం చెప్పబోయేది అలాంటి లోపం గురించి కాదు, బ్రాకెట్ మారితే జవాబు మారడమే స్వభావంగా ఉన్న లెక్కల గురించి.

అలాంటి లెక్క ఒకటి ప్రతి పిల్లాడికీ తెలుసు. రాయి, కాగితం, కత్తెర. రెండింటిని "గుణిస్తే" గెలిచింది జవాబు అనుకోండి. రాయి × కాగితం = కాగితం. కాగితం × కత్తెర = కత్తెర. ఎటు నుంచి రాసినా గెలిచేది అదే కాబట్టి వరుసతో పేచీ లేదు. ఇప్పుడు బ్రాకెట్లు పెట్టి చూడండి. (రాయి × కాగితం) × కత్తెర అంటే కాగితం × కత్తెర, అంటే కత్తెర. రాయి × (కాగితం × కత్తెర) అంటే రాయి × కత్తెర, అంటే రాయి. వరుస మారినా ఫర్వాలేదు, బ్రాకెట్ మారితే కొంప మునుగుతుంది. సరిగ్గా ఈ రకం గుణకారంతోనే భౌతికశాస్త్రానికి కొత్త పునాది వేద్దామని ఒకాయన బయల్దేరాడు.

ఆయన పేరు పాస్కువల్ జోర్డాన్. 1925లో మాక్స్ బోర్న్, వెర్నర్ హైసెన్‌బర్గ్‌లతో కలిసి క్వాంటమ్ మెకానిక్స్‌కి మాత్రికల భాష ఇచ్చినవాడు. అప్పటికి ఆయన వయసు 23. మిగతా ఇద్దరికీ తర్వాత నోబెల్ వచ్చింది, ఈయనకు రాలేదు.

ఆ భాషలో కొలవగలిగిన ప్రతిదీ, అంటే శక్తి, వేగం, స్థానం లాంటివన్నీ, ఒక మాత్రిక. ఏ మాత్రిక పడితే అది కాదు. ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు గీత గీస్తే, దానికి అటూ ఇటూ ఉన్న సంఖ్యలు ఒకదానికొకటి ప్రతిబింబాలుగా ఉండాలి. హెర్మిషియన్ మాత్రిక అంటారు. చిక్కేమిటంటే, అలాంటి రెండింటిని గుణిస్తే వచ్చేది చాలాసార్లు అలాంటిది కాదు. కొలవగలిగిన రెండింటిని కలిపితే కొలవలేనిది పుడుతోంది. కొలవలేనిదానికి సిద్ధాంతంలో చోటెందుకు అన్నది జోర్డాన్ అభ్యంతరం.

ఆయన చేసిన సర్దుబాటు చిన్నదే. క, గ అనే రెండు మాత్రికలుంటే కగ ఒకసారి, గక ఒకసారి చేసి సగటు తీయాలి: (కగ + గక) / 2. దీన్నే గుణకారం అనుకుందాం. అప్పుడు జవాబు ఎప్పుడూ కొలవగలిగినదే వస్తుంది. వరుస గొడవ కూడా తీరిపోతుంది. బదులుగా బ్రాకెట్ల ధర్మం పోతుంది. రాయి, కాగితం, కత్తెరలాగే.

అక్కడితో ఆగితే అది కేవలం సౌకర్యం. జోర్డాన్ ఇంకో అడుగు వేశాడు. మాత్రికల్ని అసలు మరిచిపోదాం, ఈ సగటు గుణకారం పాటించే నియమాల్ని మాత్రమే ఉంచుకుందాం, ఆ నియమాలకు లోబడే గణిత వ్యవస్థలన్నీ వెతుకుదాం అన్నాడు. అప్పట్లో పరమాణు కేంద్రకం దగ్గరా, సాపేక్షత దగ్గరా క్వాంటమ్ సిద్ధాంతం తడబడుతోంది. మాత్రికల్లోంచి రాని కొత్త వ్యవస్థ ఏదైనా దొరికితే, అందులో కొత్త భౌతికశాస్త్రం ఉండొచ్చు. ఆయన పందెం అది.

ఉంచుకున్న నియమాలు మూడే. వరుస మారినా జవాబు మారకూడదు. బ్రాకెట్ల ధర్మం పూర్తిగా లేకపోయినా ఒక ముక్క ఉండాలి: క వర్గాన్ని గతో గుణించి ఆపైన కతో గుణించినా, ముందు గ, కలను గుణించి దాన్ని క వర్గంతో గుణించినా ఒకటే రావాలి. వర్గాలన్నీ కూడితే సున్నా వచ్చిందంటే ఒక్కొక్కటీ సున్నా అయి ఉండాలి. ఇవి కాక, డైమెన్షన్లు లెక్కపెట్టగలిగినన్నే ఉండాలి. ఇలాంటివాటిని ఇప్పుడు జోర్డాన్ బీజగణితాలు అంటున్నారు.

వెతుకులాటలో ఆయనతో కలిసిన ఇద్దరు జాన్ ఫాన్ నాయ్‌మన్, యూజీన్ విగ్నర్. బుడాపెస్ట్‌లో ఒకే హైస్కూల్లో చదువుకున్నవాళ్లు, యూదు కుటుంబాల వాళ్లు, అప్పటికి అమెరికాలో ప్రిన్స్‌టన్ చేరినవాళ్లు. 1933 ఏప్రిల్లో నాజీ ప్రభుత్వం యూదుల్ని ప్రభుత్వోద్యోగాల నుంచి తీసేసే చట్టం తెచ్చింది. జోర్డాన్ గురువు మాక్స్ బోర్న్ పదవి ఆ వేటులోనే పోయింది. అదే ఏడాది జోర్డాన్ నాజీ పార్టీలో చేరాడు. ఆ మరుసటేడు, 1934లో, ముగ్గురి పేర్లతో ఒకే పేపర్ అమెరికన్ పత్రిక "ఆనల్స్ ఆఫ్ మ్యాథమాటిక్స్"లో వచ్చింది. గణితానికి సరిహద్దుల్లేవని చెప్పడానికి ఈ ఉదాహరణ వాడేవాళ్లున్నారు. నాకది మింగుడుపడదు. ఆ పార్టీ సరిహద్దుకు అవతల పడేసిన మనుషులతో కలిసి పనిచేస్తూనే ఆ పార్టీ సభ్యత్వం ఉంచుకోవడంలో నాకు గణితం గొప్పతనం కనిపించదు. పేపర్ మాత్రం గొప్పది.

ఇప్పుడు పనిలోకి వద్దాం. గుణకారానికి ఏ నియమమూ లేకపోతే ఎన్ని వ్యవస్థలైనా తయారుచేయొచ్చు. 27 డైమెన్షన్ల వ్యవస్థకు గుణకార పట్టిక రాయాలంటే 27 × 27 × 27, అంటే 19,683 సంఖ్యలు కావాలి. ఇష్టం వచ్చినట్టు నింపేయండి, ఒక బీజగణితం వచ్చేస్తుంది. అందులో చాలావాటికి మొహమూ వంకా ఉండవు. కాబట్టి "అన్నీ వెతుకుదాం" అనాలంటే, ముందు వాటిని విడదీసే పద్ధతి ఒకటి కావాలి.

విడదీయడం అంటే ఏమిటో మన ఇళ్లలోంచే చెప్తాను. బయటి నుంచి చూస్తే ఒకే ఇల్లు, ఒకే గడప. లోపల అన్నదమ్ములు వేరుపడి రెండు పొయ్యిలు పెట్టుకున్నారు. ఇటు గిన్నె అటు పోదు, అటు చెంచా ఇటు రాదు. బీజగణితంలో కూడా అంతే. ఈ భాగంలోంచి ఒకటి, ఆ భాగంలోంచి ఒకటి తీసి గుణిస్తే ఎప్పుడూ సున్నాయే వస్తుంటే, అది ఒక ఇల్లు కాదు, రెండు కాపురాలు. విడివిడిగా చదువుకుంటే చాలు. ఇక ఏ విధంగానూ వేరుపడనివాటిని సరళ బీజగణితాలు అంటారు. 12ను 2 × 2 × 3 అని ప్రధాన సంఖ్యలుగా విడగొట్టినట్టు, ఇక్కడ అసలు ప్రశ్న ఆ ఒంటి పొయ్యి ఇళ్లు ఎన్ని రకాలున్నాయన్నదే.

పొయ్యిలు వేరయ్యాయో లేదో కనిపెట్టే పద్ధతి నాకు ఈ మొత్తం విషయంలో బాగా నచ్చిన భాగం. బ్రాకెట్ల ధర్మం ఉన్న బీజగణితాల కోసం 1870లోనే అమెరికన్ గణితవేత్త బెంజమిన్ పర్స్ దీన్ని చూపించాడు (స్పెల్లింగ్ చూస్తే పియర్స్ అనాలనిపిస్తుంది, పలికేది పర్స్ అని). తనను తాను గుణించుకున్నా తానే మిగిలే మూలకాన్ని ఒకదాన్ని పట్టుకోవాలి. మామూలు సంఖ్యల్లో 0, 1 అలాంటివి. భౌతికశాస్త్రంలో అది అవును-కాదు ప్రశ్న, కణం ఈ గదిలో ఉందా లేదా అన్నట్టు. ఆ మూలకంతో మిగతావన్నీ గుణించి చూడండి. జోర్డాన్ ఉంచుకున్న ఆ అరకొర బ్రాకెట్ నియమం వల్ల, గుణకం త అనుకుంటే, అది 2త³ − 3త² + త = 0 అనే సమీకరణానికి లొంగాలి. ఇంటర్ పిల్లలు ఇట్టే విడగొడతారు: 0, 1, లేదా అర. నాలుగో జవాబు లేదు.

అంటే ఇల్లంతా మూడు గదులుగా విడిపోతుంది. మన మూలకంతో గుణిస్తే చెక్కుచెదరనివి ఒక గది, సున్నా అయిపోయేవి ఇంకో గది, సరిగ్గా సగమయ్యేవి మధ్య వసారా. మొదటి రెండు గదులకూ మాటల్లేవు, అటుదీ ఇటుదీ గుణిస్తే సున్నా. వసారాలోవి రెండు తీసి గుణిస్తే మాత్రం జవాబు ఎప్పుడూ ఆ రెండు గదుల్లోకే వెళ్తుంది, వసారాలో ఉండదు. బేసి, బేసి కూడితే సరి అయినట్టు. ఇలా ప్రతి గదికీ ఒక గుర్తు ఇచ్చి, ఏ గుర్తూ ఏ గుర్తూ గుణిస్తే ఏ గుర్తున్న గదిలో పడుతుందో ముందే చెప్పగలిగితే దాన్ని గ్రేడెడ్ బీజగణితం అంటారు. వసారా ఖాళీగా ఉందా, అయితే పొయ్యిలు వేరైనట్టే. ఖాళీగా లేకపోతే ఆ వసారానే రెండు గదుల్నీ కలిపి ఉంచుతోంది.

మిగిలిన గదుల్లో ఇంకా చిన్న మూలకాలు వెతుకుతూ, ఇక విడగొట్టలేనంత వరకూ ముగ్గురూ ఇదే పని చేసుకుంటూ పోయారు. చివరికి చేతికి వచ్చిన జాబితా చిన్నది. వాస్తవ సంఖ్యలతో కట్టిన హెర్మిషియన్ మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలతో కట్టినవి, క్వాటర్నియన్లతో కట్టినవి. ఒక సంఖ్యకూ ఒక సదిశకూ ముడిపెట్టిన కుటుంబం ఇంకొకటి. ఈ నాలుగూ మామూలు మాత్రికల సగటు గుణకారంలోంచే వస్తాయి, కొత్తదనం లేదు. వీటన్నిటికీ అవతల ఒకే ఒక్కటి: ఆక్టోనియన్లతో కట్టిన 3 × 3 మాత్రికలు.

ఆక్టోనియన్లంటే ఏమిటో తెలియాలంటే ఇంకో 90 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. 1843 అక్టోబరు 16న డబ్లిన్‌లో కాలువ గట్టున నడుస్తూ విలియం హామిల్టన్ క్వాటర్నియన్లు కనిపెట్టాడు. నాలుగు డైమెన్షన్ల సంఖ్యలు. వాటిలో వరుస మారితే జవాబు మారుతుంది. సంగతి తెలిసిన ఆయన మిత్రుడు జాన్ గ్రేవ్స్, నాలుగైతే ఎనిమిది ఎందుకు కాకూడదని అదే ఏడాది డిసెంబరు 26న ఎనిమిది డైమెన్షన్ల సంఖ్యల గురించి ఆయనకు ఉత్తరం రాశాడు. కొన్ని నెలలకు హామిల్టన్ ఒక తేడా గమనించాడు: ఈ కొత్తవాటిలో బ్రాకెట్ కూడా మాట వినడం లేదు. ఆ ధర్మానికి ఇంగ్లిష్‌లో పేరు పెట్టింది కూడా హామిల్టనే అంటారు. ఒక సంగతికి పేరు కావాల్సి రావడం తరచూ అది లేనప్పుడే. గ్రేవ్స్ పని అచ్చులోకి రావడం ఆలస్యమైంది. ఈలోగా 1845లో ఆర్థర్ కేలీ స్వతంత్రంగా కనిపెట్టి అచ్చువేశాడు. చాలాకాలం వాటిని కేలీ సంఖ్యలనే పిలిచారు, గ్రేవ్స్‌కు మిగిలింది ఫుట్‌నోటు.

ఈ ఎనిమిదింటి మధ్య గుణకారం పైకి చూస్తే గందరగోళం. కంప్యూటర్ వాళ్లకు మాత్రం పాత చుట్టం. ఎనిమిది మూలకాలకూ 0 నుంచి 7 దాకా నంబర్లిచ్చి బైనరీలో రాయండి: 000, 001, 010, అలా 111 వరకూ. రెండింటిని గుణిస్తే ఏది వస్తుందో తెలియాలంటే వాటి నంబర్ల మీద ఎక్సార్ చేస్తే చాలు. ఎక్సార్ అంటే మెట్ల దగ్గరి బల్బు, కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి. రెండూ ఒకే వైపుంటే ఆరిపోతుంది, వేర్వేరు వైపులుంటే వెలుగుతుంది. 001నీ 010నీ గుణిస్తే 011 వస్తుంది. దాన్ని 100తో గుణిస్తే 111.

మరి ఎక్సార్‌కి బ్రాకెట్లతో పేచీ లేదు కదా? లేదు. నంబరు ఎప్పుడూ తప్పదు. తప్పేది గుర్తు. మామూలుగా వాడే పట్టికల్లో ఒకదాని ప్రకారం (001 × 010) × 100 చేస్తే ప్లస్ 111 వస్తుంది. 001 × (010 × 100) చేస్తే మైనస్ 111 వస్తుంది. ఎనిమిది అరల బీరువాలో బట్ట సరైన అరలోకే వెళ్తుంది, తిరగేసి మడతపెట్టి ఉంటుంది, అంతే. దేని మీదా పట్టు లేదనుకున్నచోట తేడా అంతా ఒక్క మైనస్‌లోకి వచ్చి కూర్చుంది. ఇలా అరలుగా సర్ది చూడకపోతే ఇది కనిపించదు.

ఆక్టోనియన్లతో 3 × 3 హెర్మిషియన్ మాత్రిక కట్టాలంటే మూలగీత మీద మూడు మామూలు సంఖ్యలు, దానికి పైన మూడు ఆక్టోనియన్లు కావాలి. కింద ఉన్నవి ప్రతిబింబాలే కాబట్టి లెక్కలోకి రావు. 3 + 3 × 8, మొత్తం 27 డైమెన్షన్లు. ఇది జోర్డాన్ నియమాలన్నీ పాటిస్తుంది. 4 × 4 కట్టబోతే పాటించదు. ఎందుకంటే 3 × 3 అంటే జ్యామితిలో ఒక తలం, 4 × 4 అంటే మనం ఉండే లాంటి త్రిమితీయ ఆవరణ. త్రిమితీయ ఆవరణలో గీతలూ బిందువులూ కలిసే తీరే బ్రాకెట్ల ధర్మాన్ని బలవంతంగా తెచ్చిపెడుతుంది. తలంలో ఆ బలవంతం లేదు. ఆ ఆక్టోనియన్ తలాన్ని 1933లోనే జర్మనీలో రూత్ మూఫాంగ్ అనే ఆవిడ చదివి పెట్టింది. ఆడమనిషి అన్న కారణంతో నాజీ విద్యాశాఖ ఆమెకు యూనివర్సిటీలో పాఠం చెప్పే అనుమతి ఇవ్వలేదు. ప్రొఫెసర్ అయ్యేసరికి 1957 వచ్చింది.

ఈ 27 డైమెన్షన్లది ఏ మాత్రికల సగటు గుణకారంలోంచైనా రాగలదా? ముగ్గురి పేపర్ వచ్చిన ఏడాదే అదే పత్రికలో ఏడ్రియన్ ఆల్బర్ట్ రాదని నిరూపించాడు. అందుకే దాన్ని ఆల్బర్ట్ బీజగణితం అంటారు.

జోర్డాన్ పందెం సంగతి ఆలోచించండి. కొత్త భౌతికశాస్త్రానికి తలుపులు ఎన్నో ఉంటాయనుకుని వెళ్తే, నాలుగు తలుపులు పాత ఇంట్లోకే తెరుచుకున్నాయి. అయిదోది ఇరుకు గది. అందులో ఒక కొలతకు ఒకదానికొకటి పొసగని జవాబులు గరిష్ఠంగా మూడే ఉండగలవు. హైడ్రోజన్ పరమాణువును వర్ణించడానికే అంతులేనన్ని డైమెన్షన్లు కావాలి. 27 పట్టుకుని ఎక్కడికని వెళ్తాం? డైమెన్షన్లు అనంతం చేస్తే ఇంకేమైనా దొరుకుతుందేమో అన్న ఆశ ఒకటి మిగిలింది. 1979, 1983 మధ్య రష్యన్ గణితవేత్త ఎఫీమ్ జెల్మనోవ్ దాన్నీ తీర్చేశాడు. అక్కడా ఆల్బర్ట్ రకం తప్ప ఇంకో విడ్డూరం లేదు.

దీన్ని వైఫల్యం కింద రాసేవాళ్లతో నేను ఏకీభవించను. ప్రోగ్రామ్‌లో ఒక తప్పు కోసం వెతికేటప్పుడు "ఈ ఫైల్లో లేదు" అని గట్టిగా చెప్పగలిగితే సగం పని అయినట్టే. ముగ్గురూ ఒక్క పేపర్‌తో చెప్పింది అలాంటి మాట. ఫలానా మూడు నియమాలు ఒప్పుకుంటే క్వాంటమ్ మెకానిక్స్‌కు బయట ఉన్నది ఇంతే, ఇంకెక్కడా వెతక్కండి అని. ఏది దొరకదో అంత కచ్చితంగా తెలిసిన చోట్లు సైన్స్‌లో తక్కువ.

అయినా ఆ అయిదో గదిని జనం వదల్లేదు. ఆల్బర్ట్ బీజగణితానికి గుణకారం చెడకుండా ఎన్ని రకాలుగా తిప్పొచ్చో చూస్తే ఎఫ్4 అనే 52 డైమెన్షన్ల సౌష్ఠవం వస్తుందని 1950లో షెవాలే, షేఫర్ చూపించారు. 1973లో మురాత్ గునైదిన్, ఫేజా గుర్సే క్వార్కుల రంగుల్ని ఆక్టోనియన్లతో చెప్పడానికి ప్రయత్నించారు. 1976లో గుర్సే, రామాన్, సికివి కలిసి ఇ6 అనే ఇంకా పెద్ద సౌష్ఠవంతో కణాలన్నిటినీ కలిపే మోడల్ ఒకటి ప్రతిపాదించారు. అందులోనూ 27 ఉంది.

ఆ 27ను పైన చెప్పిన పర్స్ పద్ధతిలోనే విడదీయండి. చిన్న మూలకం ఒకటి తీసుకుంటే మొదటి గదిలో 1, వసారాలో 16, మూడో గదిలో 10. ఇ6 మోడల్లో కణాలు విడిపోయేదీ 1, 16, 10 గానే. ఎలక్ట్రాన్ ఒకటి, దాని న్యూట్రినో ఒకటి, మూడేసి రంగుల్లో రెండు క్వార్కులు, మొత్తం ఎనిమిది. ఒక్కొక్కటీ ఎడమచేతిదీ కుడిచేతిదీ అని రెండేసి లెక్కపెడితే 16, సరిగ్గా వసారా నిండుతుంది. వాటిలో 15 ప్రయోగశాలలో దొరికాయి. కుడిచేతి న్యూట్రినోను ఇంతవరకూ ఎవరూ చూడలేదు.